చీటీ మారితే కొలత మారుతుందా?

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో మీరు పరిచిన ‘లింగభేదం లేని ఫ్యాషన్’ వ్యాసం, దాని మీద బుధవారం అచ్చేసిన ఉత్తరం రెండూ చదివాను. వ్యాసానికి నవ్వొచ్చింది, ఉత్తరానికి ఒళ్లు మండింది.

ముందు ఉత్తరం సంగతి. మగవాళ్లు పూల చొక్కాలూ ఎత్తు మడమల జోళ్లూ వేసుకుంటే లోకం మునిగిపోతుందని ఆ పెద్దమనిషి బెంగ. ఎత్తు మడమలు తొడిగినవాళ్లలో మొదటివాళ్లు పర్షియా గుర్రపు రౌతులండీ, రికాబులో పాదం జారకుండా. ఫ్రాన్స్‌నేలిన పద్నాలుగో లూయీ ఎర్ర మడమల జోళ్లతో బొమ్మ గీయించుకున్నాడు. 72 ఏళ్లు గద్దె దిగలేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పసివాడిగా ఉన్నప్పుడు, 1884లో, గౌను వేసుకుని పొడుగు జుట్టుతో దిగిన ఫొటో ఇప్పటికీ ఉంది. అప్పట్లో ఆ పిల్లాడిని చూసి ఎవరూ పత్రికలకు ఉత్తరాలు రాయలేదు లెండి.

ఇక మీ వ్యాసం. ఫొటోలన్నిటిలోనూ అమ్మాయిలే. ఒంటి మీద మగవాళ్ల చొక్కా, మగవాళ్ల ప్యాంటు, మగవాళ్ల కోటు. స్కర్టు వేసుకున్న మగవాడు మచ్చుకైనా లేడు. అందరికీ ఒకటే బట్ట అంటే మగవాళ్ల బట్టను ఆడవాళ్లకు తొడగడమేనా? రంగులు చూడబోతే బూడిద, నలుపు, మట్టి. భేదం పోవాలంటే ముందు రంగు పోవాలని ఎవరు చెప్పారో!

కుట్టుమిషన్ మీద బతికినవాణ్ని కాబట్టి ఒక మాట. ‘యూనిసెక్స్’, అంటే ఆడామగా అందరికీ అని, చీటీ తగిలించి అమ్మే చొక్కాను తిరగేసి చూడండి. చాలాసార్లు అది మగ కొలతకు కోసిన చొక్కాయే. భుజాలు చిన్నవైన మనిషి వేసుకుంటే భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది. తుంటి వెడల్పున్న మనిషికి కింది గుండీ పడదు. అందరి ఒంటికీ నప్పాలంటే పక్కన చీలికలు పెట్టాలి, నడుముకు నాడానో ఎలాస్టిక్కో వేయాలి, కుట్టు లోపల బట్ట కాస్త ఎక్కువ వదలాలి. అదంతా ఖర్చు. చీటీ మార్చడమే చవక.

జేబుల గొడవ మరీ అన్యాయం. ఆడవాళ్ల ప్యాంట్లలో కొన్నిటికి జేబు ఉన్నట్టే కనిపిస్తుంది. వేలు పెట్టబోతే పైన పట్టీ మాత్రమే, లోపల సంచి ఉండదు. పక్క కుట్టు విప్పి, సంచి బట్ట అతికి, మళ్లీ కుట్టిచ్చిన ప్యాంట్లకు లెక్కలేదు. కోసేటప్పుడే వేసిపారేస్తే నిమిషాల పని. గుండీలైతే మగ చొక్కాకు కుడివైపు, ఆడ చొక్కాకు ఎడమవైపు. ఎందుకిలా అని అడిగితే, మగవాళ్లు కత్తి దూయడానికి వీలుగా అని ఒకరు, ఆడవాళ్లకు పనిమనుషులు గుండీలు పెట్టేవాళ్లు గనక అని ఇంకొకరు కథలు చెబుతారు. గుండీలు ఇటునుంచి అటు మార్చివ్వమని ఎవరైనా వస్తే మాత్రం పైనుంచి కిందికి చూస్తారు. మా వృత్తివాళ్లూ తక్కువేం తినలేదు.

అధికారుల తెలివి ఇంకో మెట్టు పైన. ప్యాంటు వేసుకోవాలంటే ఆడవాళ్లు పోలీసుల అనుమతి తీసుకోవాలని 1800లో పారిస్‌లో ఉత్తర్వు ఇచ్చారు. తర్వాత 1892లోనూ 1909లోనూ దయతలిచారు. చేతిలో సైకిల్ హ్యాండిలో గుర్రం కళ్లెమో ఉంటే సరేనన్నారు! ఆ ఉత్తర్వు ఇక చెల్లదని మంత్రి నోట అధికారికంగా వెలువడింది 2013లో. ఎక్కడైనా ఫైలు కదలికంటే ఇంతే కాబోలు. ఇప్పటి ఆఫీసులు మాత్రం? గోడకు వైవిధ్యం గురించి రంగురంగుల పోస్టరు. దాని పక్కనే దుస్తుల నిబంధనల సర్క్యులర్, అందులో రెండే గళ్లు: పురుషులు, స్త్రీలు. ఏ గడిలోనూ ఇమడని మనిషి ఏం కట్టుకుని రావాలని అడిగి చూడండి. “పైనుంచి వచ్చిందండీ” అంటారు. ఆ పైనెవరున్నారో ఇంతవరకూ చూసినవాడు లేడు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఫొటోలు తీసేవాళ్లతోపాటు కత్తెర పట్టేవాళ్లనూ ఒక ముక్క అడగండి. ఆ బట్టలు నిజంగా వేసుకు తిరిగే మగవాళ్లనూ, ట్రాన్స్‌జెండర్లనూ నాలుగు మాటలు మాట్లాడనివ్వండి. అన్నట్టు, మీ ముఖచిత్రంలో అమ్మాయి వేసుకున్న కోటు ఆమె కొలతది కాదు. వెనకనుంచి పిన్నులు పెట్టి బిగించినట్టు చంక దగ్గర ముడతలే చెబుతున్నాయి.

ఇట్లు,
ఓ పాత దర్జీ