విదేశాంగ మంత్రి గారికి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి నమస్కారాలు. బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా లాంటి దేశాల కూటమి బ్రిక్స్ విషయంలో మీకు రెండు విన్నపాలు చేసుకుందామని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేశాను. ఎక్కువ కాలం బంగారం లోన్ల కౌంటర్లోనే. మెడలో పసుపుతాడు మాత్రం ఉంచుకుని గొలుసు తీసి కౌంటర్ మీద పెట్టే ఆడవాళ్ల ముఖాలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్‌కు పంపి తాకట్టు పెట్టిందని తెలిసినప్పుడు, నా దేశం కూడా అలాగే కౌంటర్ ముందు నిలబడిందని బాధపడ్డాను. పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయి అప్పటికి నెల కూడా కాలేదు.

2023-24లో అదే రిజర్వు బ్యాంకు ఇంగ్లండ్‌లో దాచుకున్న బంగారంలో సుమారు 100 టన్నులు ఇంటికి తెచ్చుకుందని విని ఎంత సంతోషించానో చెప్పలేను.

బ్యాంకు లాకర్‌కు రెండు తాళం చెవులుంటాయి. ఒకటి కస్టమర్ది, రెండోది బ్యాంకుది. రెండూ తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. 2022లో రష్యా బయటి దేశాల్లో దాచుకున్న విదేశీ మారక నిల్వల్లో దాదాపు 30,000 కోట్ల డాలర్లను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక ఆ రెండో తాళం చెవి సంగతి ప్రపంచమంతటికీ గుర్తొచ్చింది. ఉక్రెయిన్ మీద యుద్ధం తప్పే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఇవాళ రష్యాకు పడిన తాళం రేపు ఇంకెవరికైనా పడొచ్చు. రష్యా ఆయిల్ కొన్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే, ఆ టెన్షన్ భీమవరం రొయ్యల చెరువుల గట్ల దాకా వచ్చింది. ఆయిల్ ఒప్పందాలతో ఆ రైతులకేం సంబంధం?

అందుకే ఒక్క పశ్చిమం మాటే చెల్లే రోజులు పోతున్నాయంటే నాకు సంతోషమే. అయితే దిగులు కూడా ఉంది. కష్టాల్లో పడ్డ దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి, అదే ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా చేతిలో 16 శాతానికి పైగా ఉన్నాయి కాబట్టి అది వద్దంటే ఏదీ కదలదు. 140 కోట్ల జనం ఉన్న మనకు 3 శాతం ఓట్లు కూడా లేవు. ఇది అన్యాయమని మనం ఏళ్ల తరబడి అంటూనే ఉన్నాం. మరి బీజింగ్‌లో పెట్టిన ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు సంగతేమిటి? అక్కడ పెద్ద నిర్ణయాలకు 75 శాతం ఓట్లు కావాలి, చైనా చేతిలో 26 శాతం ఉన్నాయి. షావుకారు మారాడు, పద్దు రాసే పద్ధతి మాత్రం అదే.

బ్రిక్స్ దేశాలు షాంఘైలో పెట్టుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు అలా కాదు. స్థాపించిన ఐదు దేశాలకూ ఓట్లు సమానం, వీటో ఎవరికీ లేదు. చైనా ఆర్థిక వ్యవస్థ ఎక్కడ, దక్షిణాఫ్రికాది ఎక్కడ! అయినా ఓటు దగ్గర ఇద్దరూ ఒకటే. దాని మొదటి అధ్యక్షుడు మన దేశపు బ్యాంకరు కె.వి. కామత్ గారే. ఈ ఒక్క నియమం కోసం ఎంత పోట్లాడినా తక్కువేనని నా అభిప్రాయం.

బ్రిక్స్‌కే 2014లో రాసుకున్న అత్యవసర నిధి ఒప్పందం ఒకటుంది, మొత్తం 10,000 కోట్ల డాలర్లది. కష్టం వస్తే మనం 1,800 కోట్ల వరకు అడగొచ్చు. కానీ ఒప్పందం ప్రకారం అందులో 30 శాతం, అంటే 540 కోట్లు దాటితే ముందు ఐఎంఎఫ్‌తో ఒప్పందం కుదుర్చుకోవాలి. కొత్త బ్యాంకు తెరిచి, లోను కావాలంటే పాత షావుకారి దగ్గర చీటీ తెమ్మన్నట్టుంది ఇది. అప్పు ఇచ్చేవాడికి భరోసా కావాలి, కాదనను. ఆ పరిశీలన మనమే చేసుకోలేమా? మా కౌంటర్లో బంగారం విలువ కట్టే అప్రైజర్ మా మనిషే ఉండేవాడు.

2026లో బ్రిక్స్ అధ్యక్ష స్థానం మనది. 2023 ఢిల్లీ జీ20లో ఆఫ్రికన్ యూనియన్‌కు సభ్యత్వం ఇప్పించిన దేశం మనది. ఆ చొరవతోనే ఈసారి రెండు విషయాలు పట్టుబట్టండి సార్. ఆ 30 శాతం పరిమితిని పెంచించండి. న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకులో ఎన్ని దేశాలు చేరినా వీటో అన్నది ఎవరికీ, మనకు కూడా, రానివ్వకండి. 2022లో శ్రీలంకకు మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. అయినా వాళ్లు చివరికి ఐఎంఎఫ్ షరతులకు తలొగ్గక తప్పలేదు. మళ్లీ అలాంటి చిన్న దేశం ఏదైనా ఆ కౌంటర్ ముందుకొచ్చినప్పుడు, అది వెళ్లడానికి ఇంకో తలుపు ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
ఏలూరు