పతకం వెనుక ఉన్న బడి పంతులు

సంపాదకుల వారికి నమస్కారం.

పరుగు పందెంలో గెలిచిన వారి ఫొటోలు పత్రికల నిండా వస్తాయి గాని, వారికి బడి మైదానంలో పరుగు నేర్పిన ఉపాధ్యాయుని పేరు ఆ వార్త చివరి వరుసలోనైనా కనిపించకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది. అందుకే బ్రదర్ కోల్మ్ ఓకానెల్ గురించి రాస్తున్నాను.

ఐర్లాండ్‌కు చెందిన ఈ క్రైస్తవ మఠవాసి 1976లో కెన్యాలోని ఇటెన్ పట్టణానికి, సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్లో భూగోళశాస్త్రం బోధించడానికి వచ్చారు. అథ్లెటిక్స్‌లో ఆయనకు ఎలాంటి శిక్షణా లేదు. పిల్లలు పరుగెత్తుతుంటే నిలబడి చూస్తూ, వారిని అడిగి తెలుసుకుంటూ, పరుగులో శిక్షణ ఇవ్వడం తానే క్రమంగా నేర్చుకున్నారు. ఉపాధ్యాయునికి ఇంతకన్నా పెద్ద అర్హత ఉంటుందని నేననుకోను. ఆ బడిలో చదివిన పీటర్ రోనో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఓకానెల్ మరో శిష్యుడు డేవిడ్ రుడిషా 2012లో లండన్‌లో మొదటి అడుగు నుంచీ తానే ముందుండి, 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించాడు. 2016లో రియోలోనూ అతనిదే స్వర్ణం.

ఇన్ని విజయాల తరువాత కూడా పెద్ద క్లబ్బులవైపు వెళ్లకుండా, దశాబ్దాల తరబడి ఆ చిన్న పట్టణంలోనే ఉండి కొత్త పిల్లలకు పరుగు నేర్పిన మనిషి ఆయన.

ఇకపై పతకాల వార్తలు ప్రచురించేటప్పుడు, ఆ క్రీడాకారునికి తొలి పాఠం చెప్పిన బడి ఉపాధ్యాయుని పేరు కూడా ఒక్క వాక్యంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు