మడతపెట్టే చేతికి కమీషన్ లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఒక పెద్ద బట్టల షాపులో 11 ఏళ్లుగా చీరల కౌంటర్‌లో పనిచేస్తున్నాను. జీతం అంతంతమాత్రం, కమీషనే ఆధారం. బిల్లు మీద ఎవరి కోడ్ పడితే డబ్బు వాళ్లదే. అందుకే కస్టమర్ గుమ్మం ఎక్కగానే ముగ్గురం ఎదురెళ్తాం. మొన్న పెళ్లివారికి ఓ అమ్మాయి పొద్దుటి నుంచి చీరలు విప్పి విప్పి చూపించింది. అన్నం తిని వచ్చేసరికి బిల్లు ఇంకొకరి కోడ్ మీద పడిపోయింది. ఆ గుట్టంతా మళ్లీ మడతపెట్టిన పెద్దావిడకైతే పైసా లేదు. నేనూ ఒకట్రెండుసార్లు అలా కోడ్ వేయించుకున్నదాన్నే, దాచడమెందుకు!

సింగరేణిలో లాభాల వాటా శాతం అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు. 2024లో 33 శాతం ఇచ్చినప్పుడు కాంట్రాక్టు కార్మికులకూ మొదటిసారి 5,000 రూపాయలు దక్కాయి. పర్మినెంటు వాళ్ల సగటు లక్షా 90 వేల ముందు అది కొసరే. కానీ లెక్కలోకైతే ఎక్కారు.

షాపుల యజమానులు కమీషన్‌లో సగం అమ్మినవాళ్లకు, సగం కౌంటర్ మొత్తానికి పంచాలి. ఆ లెక్క స్టాఫ్ రూమ్ గోడకు అంటించాలి. 20 మంది పనిచేసే షాపులో చట్ట ప్రకారం రావాల్సిన 8.33 శాతం కనీస బోనస్‌ను దసరా చీరతో సరిపెట్టకూడదు.

– ఓ సేల్స్ ఉద్యోగిని, ఖమ్మం