ఓదార్పు ఉత్తరంలో ఆ మాట వద్దు

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. నీ సహోద్యోగి తల్లిగారు పోయారని తెలిసి మీ అమ్మా నేనూ చాలా బాధపడ్డాం. ఆమెకు పంపబోయే ఉత్తరాన్ని ముందుగా నాకు చూపించి మంచి పని చేశావు. ఉత్తరమంతా మనసుపెట్టి రాశావు. అమ్మగారి మరణవార్త విని 'రూఫుల్' (rueful)గా ఉన్నానన్న ఇంగ్లీషు వాక్యం ఒక్కటే మార్చాలి.

నిఘంటువులో 'విచారం' అని కనబడి ఉంటుంది. నిజమే, కానీ అది సగం అర్థమే. ఆ మాటలో విచారంతో పాటు 'చేతులారా చేసుకున్నాను' అన్న ఒప్పుకోలు ఉంటుంది. చాలాసార్లు, ఇక చేసేదేముందన్న చిన్న నవ్వు కూడా కలుస్తుంది. అందుకే ఇంగ్లీషు కథల్లో అది ఎక్కువగా చిరునవ్వుకో, చూపుకో, తల ఊపడానికో విశేషణంగా వస్తుంది.

మీ మామయ్యను తలుచుకో. శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం మొదలుకాక ముందే అటువైపున్న అరెకరం అమ్మేశాడు కదా! ఇప్పుడు ఆ దారిన వెళ్లినప్పుడల్లా కారు అద్దం దించి, 'ఇది ఒకప్పుడు మనదేనే' అంటాడు. ఎవరినీ తప్పుపట్టడు, కళ్లనీళ్లు పెట్టుకోడు. పెదవి ఒక పక్కకు వంచి నవ్వి, తల అడ్డంగా ఊపి అద్దం ఎత్తేస్తాడు. ఆ నవ్వే రూఫుల్. ఆ నవ్వు చావు కబురు దగ్గర ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. పైగా, చదివే ఆమెకు ఆ మరణంలో నీ పొరపాటేదో ఉందన్న అర్థం కూడా తోచవచ్చు.

అలాగని మరీ పెద్ద తప్పుకూ అది చాలదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండలు నీకు చూపించాను, గుర్తుందా? పదమూడో శాసనంలో ఆయన కళింగ యుద్ధం గురించి చెప్పుకున్నాడు. లక్ష మంది హతమయ్యారని, లక్షా యాభై వేల మందిని అక్కడినుంచి తరలించారని, అందుకు తాను పరితపిస్తున్నానని చెక్కించాడు. (కళింగలోనే ఉన్న ధౌళి, జౌగఢ్‌లలో మాత్రం ఈ శాసనం లేదు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.) అంతటి పశ్చాత్తాపానికి ఇంగ్లీషులో 'రిమోర్స్' అనాలి. అక్కడ రూఫుల్ అంటే ఆ చనిపోయినవాళ్లను చిన్నబుచ్చినట్టే.

ఈ మాట మధ్యయుగాల ఇంగ్లీషు నుంచీ ఉంది. దీని మూలమైన 'రూ' అంటే వగచడం. ఆ కుదురు నుంచే జాలి అనే అర్థంలో 'రూత్' పుట్టింది. అది వాడుకలోంచి దాదాపు పోయింది గానీ, జాలి లేదని చెప్పే 'రూత్‌లెస్' మాత్రం ఇంకా రోజూ వినబడుతూనే ఉంది. మనం సదాపాకు అనే చేదు మొక్కనూ ఇంగ్లీషులో 'రూ' అనే అంటారు. ఆ పేరు లాటిన్ నుంచి వేరే దారిలో వచ్చింది, పలకడం మాత్రం ఒకటే. షేక్‌స్పియర్ ఈ పోలికను వదల్లేదు. 'హామ్లెట్' నాలుగో అంకంలో తండ్రిని పోగొట్టుకుని మతి చలించిన ఒఫీలియా చేత ఆ మొక్కను పంచిపెట్టించాడు. ఆ ఘట్టం ఒకసారి చదువు, మాట బరువు తెలుస్తుంది.

ఇక నీ ఉత్తరం సంగతి. అక్కడ 'సారీ' అని రాస్తే చాలు. ఇంగ్లీషువాళ్లు తప్పు చేసినప్పుడే కాదు, ఎదుటివాళ్ల దుఃఖం పంచుకునేటప్పుడూ ఆ మాటే అంటారు. దానికంటే గొప్ప మాట వెతకనక్కరలేదు. కిందటి సంక్రాంతికి వాళ్ల అమ్మగారు మీ ఇంటికి వచ్చి, నువ్వు పెట్టిన అరిసెలు మెచ్చుకుని ఎలా చేస్తారో అడిగి రాసుకున్నారని చెప్పావు కదా, ఆ సంగతి కూడా రెండు వాక్యాల్లో రాయి. తల్లిని తలుచుకునేవాళ్లు ఇంకొకరున్నారని ఆ అమ్మాయికి తెలుస్తుంది. ఆలస్యం చేయకుండా రేపే పంపించు.

ఉంటాను.

మీ నాన్న