సుందరీకరణ సరే, మత్తడి సంగతేంటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

చెరువు సుందరీకరణ అని వార్త వచ్చిన ప్రతిసారీ అందులో నేను వెతికేది ఒక్కటే, నాలాల మీద ఎంత ఖర్చు పెడుతున్నారని. వాకింగ్ ట్రాక్, రంగుల లైట్లు, ఫౌంటెన్, చుట్టూ రాతి కట్టడం, ఇవన్నీ వివరంగా ఉంటాయి. పైనుంచి నీళ్లు ఏ దారిన వస్తాయో, నిండితే ఏ దారిన పోతాయో మాత్రం ఉండదు.

హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద ఉంది, కిందంతా గ్రానైట్. రాయి నీటిని అంత త్వరగా ఇంకనివ్వదు, పడ్డ వాన పడ్డట్టే పల్లానికి పరుగెడుతుంది. అందుకే పాతవాళ్లు పల్లానికి అడ్డంగా కట్టలు వేసి, పై చెరువు నిండి మత్తడి, అంటే మిగులు నీళ్లు పొర్లిపోయే గట్టు, దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరేలా గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చారు. హుస్సేన్ సాగర్ అయితే ఈ నగరం కంటే ముందుది, 1591లో నగరం వెలిసే నాటికే ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టేశారు. దానిలోకి వచ్చే కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఒకప్పుడు వాన నీళ్లు మోసినవే, తర్వాత మురుగూ ఫ్యాక్టరీల వ్యర్థాలూ మోశాయి. మళ్లింపు పైపులు వేశారు, శుద్ధి ప్లాంట్లు కట్టారు, కాదనను. కానీ గట్టి వాన పడితే పైపుల్లో పట్టనిదంతా మళ్లీ సాగర్‌లోకే.

మురుగుతో వచ్చేది కంపు ఒక్కటే అనుకుంటాం. అందులోని నత్రజని, భాస్వరం పొలంలో యూరియా, డీఏపీ చేసే పనే చెరువులోనూ చేస్తాయి, నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండలో ఆ నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రయ్యేసరికి తనే పీల్చుకుంటుంది, చచ్చి అడుగున పడ్డ నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఇంకాస్త లాగేస్తుంది, తెల్లవారుజాముకి నీళ్లలో చేపలకి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అవి పైకి తేలి నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటాయి, పొద్దున చూస్తే ఒడ్డు పొడుగునా తెల్లటి పొట్టలు. ఎవరో విషం కలిపారని గొడవ మొదలవుతుంది. ఒక్కోసారి నిజమే కావచ్చు, కానీ ఇలా చావడానికి విషం అక్కర్లేదు. గుర్రపు డెక్కదీ ఇదే కథ. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క ఇలాంటి నీళ్లలో రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు, మురుగు ఆపకుండా యంత్రాలతో ఎంత తీసినా మళ్లీ కమ్మేస్తుంది.

ఇక అంచు. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. చెరువు అంచు అంటే నీళ్లు పెరిగినప్పుడు మునిగి, ఎండాకాలం బయటపడే శిఖం భూమి. తుంగ, జమ్ము మొలిచేది అక్కడే, చేపపిల్లలు దాక్కునేది అక్కడే, నీటికోళ్లు గూళ్లు కట్టుకునేదీ అక్కడే. కొంగ తన కాలు అందే లోతులోనే కదా వేటాడేది? దాన్నంతా పూడ్చి, నిట్టనిలువుగా రాతిగోడ కట్టి, పైన పూలకుండీలు పెడితే పక్షి ఎక్కడ దిగాలి?

మత్తడి సంగతి అంతకంటే ముఖ్యం. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం, తేలేది దాని ఎత్తును బట్టే. బఫర్, అంటే చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా, కొలిచేది ఎఫ్‌టీఎల్ నుంచే. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపై చెరువులకి అది 30 మీటర్లు. ఎవరైనా మత్తడిని అడుగు మేర పగలగొట్టారనుకోండి, మన చెరువులు లోతు తక్కువవి కాబట్టి ఎకరాలకి ఎకరాలు పొడి నేలగా బయటపడతాయి, ఇక్కడెప్పుడూ నీళ్లు లేవని వాదించడానికి దారి దొరుకుతుంది. తర్వాత ఒక పెద్ద వానకి నీళ్లు తమ చోటికి తాము వస్తాయి. 2020 అక్టోబరులో చెరువులు పొంగి, కట్టలు తెగి కాలనీలు ఎలా మునిగాయో నగరమంతా చూసింది.

అధికారులని కోరేది పెద్ద పనేం కాదు. ప్రతి చెరువు మత్తడి దగ్గరా దాని అసలు ఎత్తు రాతి మీద చెక్కించండి, వచ్చే నాలాలూ పోయే నాలాలూ చూపించే మ్యాపు జనానికి కనపడేలా పెట్టండి. మురుగు ఆగాకే ఫౌంటెన్ గురించి ఆలోచించండి.

పత్రికకి కూడా ఒక విన్నపం. ఈసారి సుందరీకరణ టెండర్ వార్త రాసేటప్పుడు మత్తడి ఎత్తెంత, కలిసే నాలాలెన్ని, శిఖంలో ఎంత పూడుస్తున్నారు అని మీ విలేకరి చేత అడిగించండి. జవాబు వస్తే అచ్చేయండి, రాకపోతే రాలేదని అచ్చేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్