ఆకాశవాణి ట్యూన్ కట్టిన మనిషి పేరు చెప్పండి

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతుంటే తాతయ్య రేడియో మీట తిప్పేవారు. కాసేపు గరగర. తర్వాత తంబురా శ్రుతి, దాని మీద వయొలిన్. అది వినబడితేనే మా ఇంట్లో తెల్లారినట్టు. శివరంజని రాగంలో సాగే ఆ సిగ్నేచర్ ట్యూన్ కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అని నాకు నలభై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు.

ఆయన ప్రేగ్‌లో సంగీతం చదివిన యూదుడు. తన ప్రొఫెసర్ నాజీల మనిషని తెలిసి డాక్టరేట్ పట్టానే వద్దనుకున్నారు. 1934లో బొంబాయి చేరారు. హిట్లర్ బారి నుంచి పారిపోయి వచ్చేవాళ్లను ఆదుకోవడానికి జ్యూయిష్ రిలీఫ్ అసోసియేషన్ అక్కడ పుట్టిందీ ఆ ఏడాదే. కౌఫ్‌మన్ వచ్చిన కొన్ని నెలలకే కొద్దిమంది కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం కోసం బాంబే ఛాంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టారు. ప్రతి గురువారం విల్లింగ్‌డన్ జింఖానాలో కచేరీ. వయొలిన్ పార్సీ కళాకారుడు మెహ్లీ మెహతాది. 1937 మే నాటికి 136 కచేరీలయ్యాయి. ఊరు కొత్త, భాష కొత్త, వెనక్కి వెళ్లే దారి లేదు. అలాంటి మనిషి వారం వారం నలుగురినీ కూర్చోబెట్టి సంగీతం వినిపించాడంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మన సంగీతం రికార్డుల్లో మొదట విన్నప్పుడు ఆయనకు ఏమీ అంతుపట్టలేదు. ఇంతమంది ప్రాణం పెట్టే సంగీతం తనకు ఎక్కలేదంటే లోపం తనలోనే ఉందనుకుని, ఆ రికార్డులే మళ్లీ మళ్లీ విన్నారు. 1937 నుంచి 1946 దాకా బొంబాయి రేడియోలో పనిచేశారు. తర్వాత అమెరికాలో ఉంటూ ఉత్తరాది రాగాల మీదా, మన దక్షిణాది రాగాల మీదా పెద్ద గ్రంథాలు రాశారు.

మీ శాఖ పరిధిలోది కాకపోయినా ఇంకొక్క మాట. యూదు మూలాలున్న రూడీ వాన్ లేడెన్ అనే కళా విమర్శకుడు కూడా జర్మనీ వదిలి అదే బొంబాయికి వచ్చారు. అక్కడ కార్లు కడుక్కుంటూ బొమ్మలు వేసే మన బొల్లారం కుర్రాడు ఆరాను వెన్నుతట్టింది ఆయనే.

అందుకే అడుగుతున్నాను. ముంబయి ఆకాశవాణి కేంద్రంలో కౌఫ్‌మన్ పేరుతో ఒక ఫలకం పెట్టించండి. ఆ గురువారం కచేరీల కాగితాలు, ఫొటోలు ఏవైనా ఉంటే వెతికించి జనం చూసేలా ఉంచండి. ఏడాదికి ఒక్క రోజైనా ఆ ట్యూన్ అయ్యాక, తెలుగుతో సహా అన్ని భాషల కేంద్రాల్లోనూ అనౌన్సర్ చేత ఆయన పేరు చెప్పించండి.

ఇట్లు,
ఒక రేడియో శ్రోత