డెస్క్‌టాప్ సెట్టింగులు నిలవడం లేదు: వారంటీలో మార్చిన డిస్క్ గురించి ఫిర్యాదు

తెనాలి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మా డీటీపీ సెంటర్‌లో మీ కంపెనీ డెస్క్‌టాప్ కంప్యూటరే వాడుతున్నాం. వారంటీ ఉండగానే డిస్క్ పాడైతే మీ టెక్నీషియన్ వచ్చి వేరే ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ ఎక్కించి వెళ్లారు. ఈ బాధ అప్పుడే మొదలైంది. రాత్రి సిస్టమ్ ఆపి పొద్దున ఆన్ చేస్తే పెట్టుకున్న సెట్టింగు ఒక్కటీ ఉండదు. తెలుగు కీబోర్డు పోతుంది, డీఫాల్ట్ ప్రింటర్ మారిపోతుంది, అక్షరాల సైజు మళ్లీ చిన్నదైపోతుంది.

వాల్‌పేపర్ మారితే ఎవరూ ఉత్తరం రాయరు. పోతున్నది మా పని. పెళ్లిళ్ల రోజుల్లో ఒక శుభలేఖ ప్రూఫు ఇరువైపుల పెద్దలూ వచ్చి, పక్కన కూర్చుని, పేర్లన్నీ సరిచూసి ఖాయం చేశారు. ఆ ఫైలు డెస్క్‌టాప్ మీదే సేవ్ చేశాం. మర్నాడు చూస్తే లేదు. వాళ్లను మళ్లీ పిలిపించి మొదటి నుంచీ టైపు చేయాల్సి వచ్చింది. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఆ తిప్పట ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

మీ సపోర్టుకు ఎప్పుడు ఫోన్ చేసినా "రీసెట్ చేయండి" అంటారు. చేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ అదే. లాగిన్ కాగానే తెర మీద ఏ మెసేజ్ వస్తోందని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. టెంపరరీ (తాత్కాలిక) ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారని అందులో స్పష్టంగా ఉంటుంది.

విండోస్‌లో ప్రతి యూజర్ సెట్టింగులూ ఆ యూజర్ ఫోల్డర్‌లోని ఎన్‌టీయూజర్.డాట్ అనే ఫైల్లో ఉంటాయి. ఆ ఫోల్డరూ, అందులోని సెట్టింగులూ కలిపితే ఆ యూజర్ ప్రొఫైల్. లాగిన్ అయ్యేటప్పుడు ఆ ప్రొఫైల్ తెరుచుకోకపోతే విండోస్ ఒక తాత్కాలిక ప్రొఫైల్ తయారుచేసి ఇస్తుంది. లాగ్ఆఫ్ కాగానే దాన్నీ, దాని డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్లనూ చెరిపేస్తుంది. మాకు జరుగుతున్నది అక్షరాలా ఇదే. విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టాలను (లాగ్‌లను) చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, అప్లికేషన్ లాగ్‌లో 1511 నంబరు ఈవెంట్ పదేపదే కనిపిస్తోంది. స్థానిక ప్రొఫైల్ దొరకలేదు కాబట్టి తాత్కాలిక ప్రొఫైల్ ఇస్తున్నామని దాని అర్థం. సిస్టమ్ లాగ్‌లో 7వ నంబరు ఈవెంట్ కూడా ఉంది. డిస్క్‌లో చెడిపోయిన బ్లాక్ (డేటా దాచే భాగం) ఉందని విండోసే రాసిన మాట అది. మీ టెక్నీషియన్ డిస్క్ మార్చాక వచ్చిన ఎంట్రీలే ఇవన్నీ.

ఫోన్‌లో ఒకాయన ఇది పాలసీ సెట్టింగు వల్ల కావచ్చన్నారు. విండోస్ ఎలా నడవాలో నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో, నిష్క్రమించేటప్పుడు సెట్టింగులు సేవ్ చేయవద్దనే పాలసీ ఉన్న మాట నిజమే. అయితే దాని వల్ల తెరిచి ఉంచిన విండోల చోటు, టాస్క్‌బార్ సైజు వంటివి నిలవవు గానీ డెస్క్‌టాప్ మీది ఫైళ్లు మాయం కావు. పైగా మా సిస్టమ్‌లో ఆ పాలసీ ఆన్ చేసి లేదు. కరెంటు పోవడం వల్ల అనుకోవడానికీ లేదు, సిస్టమ్ యూపీఎస్ మీద నడుస్తోంది. మీరు వేసిన డిస్కే చెడ్డదని నా అనుమానం. చెడ్డ డిస్క్ మీద విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా ప్రొఫైల్ మళ్లీ దెబ్బతినక మానదు. రీసెట్‌ను మరమ్మతు అంటే నేను ఒప్పుకోను.

అందుకని టెక్నీషియన్‌ను మా సెంటర్‌కే పంపి, నా ఎదుటే డిస్క్ పరీక్ష చేయించండి. లోపం తేలితే కొత్త డిస్క్ వేయించండి. ఎవరో వాడి తిరిగిచ్చినది వద్దు. ఇప్పుడున్న డిస్క్‌లో మిగిలిన మా ఫైళ్లు కాపీ చేశాకే దాన్ని తీసుకెళ్లాలి. ఏం లోపం కనిపించిందో, ఏం మార్చారో సర్వీస్ రిపోర్టులో రాసి సంతకం పెట్టాలి. ఇంతవరకూ ఇచ్చిన రిపోర్టులన్నింటిలోనూ "సమస్య పరిష్కారమైంది" అన్న ఒక్క ముక్కే ఉంది.

పదిహేను రోజుల్లోగా ఇది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, సేవా లోపానికి గాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు నకలు, మీ సర్వీస్ రిపోర్టులు, ఈవెంట్ వ్యూయర్ స్క్రీన్‌షాట్లు జతచేశాను. టెక్నీషియన్ వచ్చే రోజు ముందుగా ఫోన్ చేసి చెబితే ఆ పూట వేరే పని పెట్టుకోను.

ఇట్లు,
మీ వినియోగదారు